మీకు తెలుసా? సూర్యగ్రహణం చూడబోయే ముందు తెలుసుకోవాల్సిన సంగతులు

గ్రహణం అనగానే మన ఇళ్లలో సన్నాహాలకు లోటుండదు. పచ్చడి జాడీల మీద దర్భలు, పట్టు స్నానం, విడుపు స్నానం, కడుపుతో ఉన్న అమ్మాయి గదికి కిటికీలు మూసి దుప్పట్లు. ఇవన్నీ గ్రహణాన్ని చూడకుండా ఉండటానికి చేసే ఏర్పాట్లు. చూడటానికి ఏర్పాట్లు చేసుకునే ఇల్లు వీధికి ఒకటి దొరికితే గొప్ప. ఆ ఇంట్లో కూడా చాలాసార్లు పాత ఎక్స్‌రే ఫిల్మే దిక్కు. చూడాలని ఉండి, ఎలా చూడాలో తెలియని వాళ్ల కోసం ఈ కబుర్లు.

గ్రహణం రోజు సూర్యుడు కొత్త కిరణాలేమీ వదలడు

వదలటానికి అక్కడ కొత్తగా జరిగేది ఏమీ లేదు. చంద్రుడు అడ్డం వస్తాడు, అంతే. ఈ మాట ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే చెప్పాడు: సూర్యుణ్ణి కప్పేది చంద్రుడు, చంద్రుణ్ణి కప్పేది భూమి నీడ. గ్రహణం నాటి ఎండ ఏ రోజైనా కాసే ఎండే. ఇంకా చెప్పాలంటే తక్కువ ఎండ.

మరి కళ్లు ఎందుకు పోతాయి? మామూలు రోజు సూర్యుడి వైపు చూడమన్నా చూడలేం. కన్ను దానంతట అదే మూసుకుంటుంది, తల పక్కకు తిరిగిపోతుంది. గ్రహణం ముదిరి వెలుగు మందగించాక ఈ కాపలా సడలుతుంది. కంటిపాప విచ్చుకుంటుంది, చూపు నిలబడుతుంది. కానీ కప్పుకోని ఆ సన్నటి అంచు మాత్రం ఎప్పటిలాగే మండుతూ ఉంటుంది. నిండు సూర్యుడి వెలుగు పున్నమి వెన్నెలకు దాదాపు 4 లక్షల రెట్లు. నూటికి తొంభై తొమ్మిది వంతులు కప్పుకుపోయినా, మిగిలిన ఆ ఒక్క వంతులో కొన్ని వేల పున్నముల వెలుగుంటుంది. ‘ఇంతే కదా మిగిలింది, ఏమవుతుందిలే’ అనుకుని చూసినవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు.

కన్ను కాలినా ఆ క్షణంలో తెలియదు

రెటీనాలో నొప్పిని తెలిపే నరాలు లేవు. వేలికి చురక తగిలితే చెయ్యి వెనక్కి లాక్కుంటాం. కంటి వెనక పొర కమిలితే ‘చాలించు’ అని చెప్పే దిక్కుండదు. కొన్ని గంటలు గడిచాక, ఒక్కోసారి మర్నాడు పొద్దున, అక్షరాల మధ్యలో మసకగా ఒక మచ్చ కనబడుతుంది. ఎదుటి మనిషి ముఖం చూద్దామంటే సరిగ్గా ముఖం ఉండాల్సిన చోటే మరక. ఎందుకంటే మనం దేన్ని గుచ్చి చూస్తామో ఆ బొమ్మ రెటీనా నడిమి గుంట మీద పడుతుంది. చదవడానికి, సూదిలో దారం ఎక్కించడానికి, మనుషుల్ని గుర్తుపట్టడానికి పనికొచ్చే భాగం అదే.

ఇది వేడికి కాలడం అనుకుంటారు చాలామంది. దుర్భిణీ లేకుండా ఉత్త కళ్లతో చూసినప్పుడు జరిగేది ఎక్కువగా వెలుగు వల్ల పుట్టే రసాయనిక చర్య. ముఖ్యంగా నీలి వెలుగు రెటీనా కణాల్లో విషపు అణువులను పుట్టిస్తుంది. అందుకే ‘వేడి తగల్లేదు కాబట్టి ఫరవాలేదు’ అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

1999 ఆగస్టు 11 గ్రహణం తర్వాత ఇంగ్లండులోని లెస్టర్ ఆసుపత్రికి కంటి బాధతో 45 మంది వచ్చారు. చాలామందికి నెలలు గడిచాక చూపు మెరుగుపడింది, అందరికీ కాదు. 2017 ఆగస్టు 21 గ్రహణం తర్వాత న్యూయార్క్ వైద్యులు ఒక యువతి రెటీనాను కణాల స్థాయిలో ఫొటో తీశారు. అందులో కనబడిన గాయం నెలవంక ఆకారంలో ఉంది. ఆమె చూసిన సమయానికి సూర్యుడు ఏ ఆకారంలో ఉన్నాడో అదే. ఈ దెబ్బకు తగ్గిస్తుందని రుజువైన మందు లేదు. కొంతమందికి దానంతట అది నయమవుతుంది, కొంతమందికి ఆ మరక అలాగే ఉండిపోతుంది.

న్యూటన్ కూడా చేసిన పని ఇది

ఐజాక్ న్యూటన్ కుర్రతనంలో అద్దంలో పడ్డ సూర్యుణ్ణి కుడి కంటితో పదే పదే చూశాడు, ఆ తర్వాత కంట్లో మిగిలే రంగులు ఎలా ఉంటాయో తెలుసుకుందామని. ఆపై కళ్లు మూసినా తెరిచినా సూర్యుడే. చూపు దారికి రావడానికి మూడు రోజులు చీకటి గదిలో కూర్చోవాల్సి వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత తత్వవేత్త జాన్ లాక్‌కు రాసిన ఉత్తరంలో ఈ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. అది గ్రహణం రోజు కూడా కాదు.

పళ్లెంలో నీళ్లు పోసి చూడటం సోక్రటీసు నాటి సలహా

పసుపు నీళ్లు, పేడ నీళ్లు, కొన్నిచోట్ల ఉత్త నీళ్లు. పళ్లెంలో పోసి అందులో గ్రహణాన్ని చూపించే అలవాటు మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. ఇది మన ఒక్కరిదే కాదు. ప్లేటో రాసిన ఫీడో సంభాషణలో సోక్రటీసు కూడా, గ్రహణం నాడు నీటిలో ప్రతిబింబం చూడకుండా నేరుగా చూసినవాళ్లు కళ్లు పాడుచేసుకుంటారని అంటాడు. రెండు వేల ఏళ్లకు పైబడిన సలహా. నేరుగా చూడటం కంటే ఇది మేలే, సందేహం లేదు.

కానీ లెక్క వేస్తే సరిపోదు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు తేట నీరు తన మీద పడ్డ వెలుగులో దాదాపు 2 శాతాన్ని వెనక్కి పంపుతుంది. సూర్యుడు దిగే కొద్దీ ఇది ఇంకా పెరుగుతుంది. నాణ్యమైన గ్రహణం కళ్లజోడు లోపలికి వదలాల్సిన గరిష్ఠ వెలుగు 0.0032 శాతం. అంటే పళ్లెంలోని సూర్యుడు కళ్లజోడులోని సూర్యుడి కంటే 600 రెట్లకు పైగా ప్రకాశవంతుడు. పసుపు కలిపితే నీటి లోపలి నుంచి వచ్చే వెలుగు రంగు మారుతుంది గాని, నీటి పైపొర మీద మెరిసే సూర్యుడు తగ్గడు. పెద్దలు చేసినంతలో మంచి పనే చేశారు. మనకు అంతకంటే మంచి సాధనం యాభై వంద రూపాయలకు దొరుకుతున్నప్పుడు పళ్లెం దగ్గరే ఆగిపోవడం మాత్రం నాకు సబబుగా తోచదు.

నల్లగా ఉన్న ప్రతిదీ రక్షణ కాదు

ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టించిన గాజు పెంకు, కూలింగ్ గ్లాసులు రెండు జతలు ఒకదాని మీద ఒకటి, సీడీ, పాత ఫ్లాపీలోని నల్ల రేకు, రంగు ఫొటోల నెగటివ్. ఈ జాబితాలో ఏదీ వద్దు. ఇవి కంటికి కనబడే వెలుగును కొంత తగ్గిస్తాయి, కనబడని పరారుణ కిరణాల్ని చాలావరకు వదిలేస్తాయి. వెలుగు తగ్గింది కదా అని మనం ధైర్యంగా, ఎక్కువసేపు చూస్తాం. అసలు ఏమీ అడ్డం పెట్టుకోని వాడైనా రెండు సెకన్లకు కళ్లు మూసుకుంటాడు. సగం చీకటి ఇచ్చే ఫిల్ము వాడి చేత రెండు నిమిషాలు చూపిస్తుంది. ఎక్స్‌రే ఫిల్ములో ఇంకో చిక్కుంది: ఎముక ఉన్న చోట పలచన, లేని చోట చిక్కన. ఏ ముక్కలోంచి చూస్తున్నామో మనకే తెలియదు.

వెల్డింగ్ షాపు అద్దం పనికొస్తుందా అని చాలామంది అడుగుతారు. 14వ నంబరు షేడు అయితేనే. మన వీధి చివర వెల్డింగ్ చేసే అబ్బాయి దగ్గర ఉండేది మామూలుగా అంతకంటే తక్కువ నంబరుది. అద్దం అంచున నంబరు చూసుకోకుండా తీసుకోకండి.

కళ్లజోడు మంచిదో కాదో ఇంట్లోనే చూసుకోవచ్చు

దాని మీద ఐఎస్ఓ 12312-2 అనే గుర్తు, తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా ఉండాలి. ఇది 2015లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం. అయితే అంకెలు ముద్రించడం ఎవరికైనా చేతనవుతుంది. 2017లో అమెరికాలో గ్రహణానికి కొద్ది రోజుల ముందు, ఆన్‌లైన్‌లో అమ్ముడైన కొన్ని కళ్లజోళ్లను వాడొద్దని కొనుగోలుదారులకు సందేశాలు పంపి డబ్బు వాపసు ఇవ్వాల్సి వచ్చింది. కాబట్టి ఆఖరి నిమిషంలో ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర కాకుండా, నెల ముందే తెలిసిన చోట కొనండి. సైన్సు సంఘాలు, ప్లానిటేరియంలు నమ్మదగిన చోట్లు.

కొన్నాక పరీక్ష చాలా తేలిక. ఇంట్లో పెట్టుకుని చూడండి. ఏమీ కనబడకూడదు. గోడ, మనిషి, కిటికీ, ఏదీ. బాగా దగ్గరగా పెట్టిన బల్బు మహా అయితే మిణుకుమనాలి. ట్యూబులైటు వెలుగులో గది రూపురేఖలు తెలుస్తున్నాయంటే దాన్ని చెత్తబుట్టలో వేయండి, పక్కింటివాళ్లకు ఇవ్వకండి. తర్వాత దాన్ని బల్బుకు అడ్డంపెట్టి చిల్లులు, గీతలు ఉన్నాయేమో వెతకండి. సూదిమొనంత రంధ్రమున్నా పనికిరాదు. గీతలు, మడతలు లేకుండా పుస్తకంలో దాచుకుంటే మళ్లీ వచ్చే గ్రహణానికీ వాడుకోవచ్చు.

చూపు కళ్లజోడు ఉన్నవాళ్లు దాన్ని తీయనక్కర్లేదు, దాని పైనే ఇది పెట్టుకోవాలి. తల దించి పెట్టుకోవాలి, ఆ తర్వాత తల ఎత్తాలి. తీసేటప్పుడు ముందు తల దించాలి, ఆ తర్వాతే తీయాలి. పిల్లల చేత ఈ క్రమాన్ని ముందు రోజు నీడలో నాలుగైదుసార్లు ఆటలా చేయించండి. అట్ట కళ్లజోడు చిన్న ముఖాల మీద నిలవదు, చెవుల వెనక జారిపోతుంది. ఒక రబ్బరు బ్యాండు కడితే ఆ చిక్కు తీరుతుంది.

దుర్భిణీలో చూసేటప్పుడు గ్రహణం కళ్లజోడు కాపాడదు

బైనాక్యులర్స్ పట్టుకుని, ‘నా కళ్లకు జోడు ఉందిగా’ అని సూర్యుడి వైపు తిప్పడం పెద్ద ప్రమాదం. ముందు కటకాలు వెలుగునంతా కూడదీసి సన్నటి పాయగా కంటి దగ్గరకు తెస్తాయి. భూతద్దంతో కాగితం కాలినట్టు ఆ పాయకు కళ్లజోడు రేకు క్షణాల్లో కాలిపోతుంది, వెనక ఉన్నది కన్ను. వడపోత ఎప్పుడూ సూర్యుడి వైపున్న పెద్ద కటకం ముందు, ఊడిపోకుండా బిగించి ఉండాలి. పాత చిన్న టెలిస్కోపులతో కంటి వైపు బిగించే నల్ల గాజు బిళ్ల ఒకటి ఇచ్చేవారు. వేడికి అది పగులుతుంది. ఇంట్లో ఉంటే తీసి పారేయండి. ఫోను కెమెరాతో తీయాలనుకుంటే కళ్లజోడు రేకు ఒకటి కటకం ముందు పట్టండి. అసలు తీయకపోయినా నష్టం లేదు, ఫోనులో సూర్యుడు బఠాణీ గింజంత వస్తాడు.

వంటింట్లో జంతికల గిద్దె ఉంటే అదే గ్రహణ యంత్రం

నా మట్టుకు నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి ఇది. సూర్యుడికి వీపు పెట్టి నిలబడండి. జంతికల గిద్దెలోని చిల్లుల బిళ్లను ఎండలో పట్టుకోండి. కింద తెల్ల కాగితం పరవండి. బిళ్లకు ఎన్ని చిల్లులుంటే కాగితం మీద అన్ని సూర్యులు. గ్రహణం మొదలైతే అన్ని సూర్యులకూ ఒకే వైపు కొరుకు పడుతుంది. బూందీ గరిటె, పిండి జల్లెడ, చిల్లుల గిన్నె, ఏదైనా సరే. ఏమీ లేకపోతే రెండు చేతుల వేళ్లు అడ్డంగా నిలువుగా పెనవేసి సందులు చేసినా చాలు. చూడాల్సింది నేల మీద బొమ్మను, చిల్లులోంచి సూర్యుణ్ణి కాదు. ఈ ఒక్క ముక్క పిల్లలకు రెండుసార్లు చెప్పండి, ఎందుకంటే చిల్లు కనబడితే అందులోంచి చూడటం పిల్లల నైజం.

ఈ బొమ్మ సైజు వెనక ఒక ముచ్చటైన లెక్కుంది. సూర్యుడు మన నుంచి తన వెడల్పుకు దాదాపు 108 రెట్ల దూరంలో ఉంటాడు. అందుకని చిల్లు నుంచి కాగితానికి ఎంత దూరముంటే అందులో 108వ వంతు సైజులో బొమ్మ పడుతుంది. 108 సెంటీమీటర్ల దూరానికి ఒక సెంటీమీటరు సూర్యుడు. బొమ్మ పెద్దది కావాలంటే చిల్లు పెద్దది చేయకూడదు, దూరం పెంచాలి. చిల్లు పెద్దదైతే బొమ్మ అలుక్కుపోతుంది.

దూరం పెంచడానికి ఒక ఉపాయం: చేతి అద్దం. బడిలో పిల్లలు ఎండను అద్దంతో గోడ మీదకు కొట్టే ఆటే. అద్దం మీద నల్ల కాగితం అంటించి, నడుమ అర సెంటీమీటరు చిల్లు వదలండి. అద్దాన్ని ఎండలో కుర్చీ మీద కదలకుండా నిలబెట్టి, ఆ వెలుగును చీకటి గదిలోని గోడ మీదకు పంపండి. పది మీటర్ల దూరముంటే అరచేయంత, దాదాపు 9 సెంటీమీటర్ల సూర్యుడు గోడ మీద కనబడతాడు. ఇంటిల్లిపాదీ, బయటికి రాలేని ముసలివాళ్లూ, రాకూడదని పెద్దలు ఆపిన కోడలూ, అందరూ మంచం మీద కూర్చుని చూడొచ్చు. గదిలోకి వెలుగు వచ్చే దారికి ఎదురుగా నిలబడి అద్దం వైపు చూడకుండా ఒకరు కనిపెట్టుకుని ఉంటే చాలు.

చెట్టు కింద ఎండ చుక్కలు గుండ్రంగా ఎందుకుంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? ఆకుల సందులు గుండ్రంగా ఉండవు కదా. ఆ చుక్కలు ఒక్కొక్కటీ సూర్యుడి బొమ్మ. తాటాకు కప్పు చిల్లుల్లోంచి నేల మీద పడే బిళ్లలూ అంతే. గ్రహణం రోజు వేపచెట్టు నీడలోకి వెళ్తే నేలంతా నెలవంకలు. వెయ్యేళ్ల కిందట ఇబ్న్ అల్ హైతమ్ అనే అరబ్బు పండితుడు సన్నటి రంధ్రం గుండా పడే గ్రహణ ఆకారం మీద ఒక గ్రంథమే రాశాడు. ఖర్చు లేని, ప్రమాదం లేని ఈ పద్ధతిని మన బడుల్లో ఆ రోజు సెలవు ఇవ్వకుండా నేర్పితే ఎంత బాగుండును.

పంచాంగంలోనే జాగ్రత్తల టైంటేబులు ఉంది

పంచాంగంలో గ్రహణం పేజీ తీస్తే స్పర్శ, నిమీలనం, మధ్యం, ఉన్మీలనం, మోక్షం అని వరసగా సమయాలుంటాయి. స్నానాలకూ జపాలకూ తప్ప దేనికీ వాడం గాని, ఖగోళ శాస్త్రజ్ఞులు గుర్తుపెట్టుకునే ఘట్టాలు కూడా అవే. చంద్రుడి అంచు సూర్యుణ్ణి మొదట తాకేది స్పర్శ. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయేది నిమీలనం. మళ్లీ మొదటి వెలుగు తొంగిచూసేది ఉన్మీలనం. చంద్రుడు పూర్తిగా వదిలిపోయేది మోక్షం.

కంటి భద్రత అంతా ఈ వరసలోనే ఉంది. స్పర్శ నుంచి నిమీలనం దాకా కళ్లజోడు ఉండాల్సిందే. నిమీలనం నుంచి ఉన్మీలనం దాకా, అంటే సంపూర్ణ గ్రహణంలో సూర్యబింబం పూర్తిగా మాయమైన ఆ కొద్ది నిమిషాల్లో, కళ్లజోడు తీసి ఉత్త కళ్లతో చూడొచ్చు. చూడాలి కూడా, ఎందుకంటే సూర్యుడి చుట్టూ కిరీటంలా పరుచుకునే వెలుగు, కరోనా, కళ్లజోడులోంచి కనబడదు. ఉన్మీలనానికి ఒక అంచున వజ్రపుటుంగరంలా వెలుగు తళుక్కుమంటుంది. అది చూసిన మరుక్షణం మళ్లీ కళ్లజోడు.

నిమీలనం, ఉన్మీలనం ఉండేది సంపూర్ణ గ్రహణానికి, అదీ ఆ నీడ పడిన సన్నటి దారిలో ఉన్నవాళ్లకు. పాక్షిక గ్రహణంలో ఆ వెసులుబాటు లేదు. వలయాకార గ్రహణంలో నడుమ ఎంత నల్లగా ఉన్నా చుట్టూ నిప్పుల గాజు మిగిలే ఉంటుంది, కాబట్టి ఒక్క సెకను కూడా లేదు. గత కొన్నేళ్లలో తెలుగు రాష్ట్రాల వాళ్లు చూసినవన్నీ పాక్షికాలే. 2019 డిసెంబరు 26న వలయం పడింది కేరళ, తమిళనాడుల మీద. 2020 జూన్ 21న రాజస్థాన్, హర్యానా, ఉత్తరాఖండ్‌ల మీద. రెండోది ఆదివారం వచ్చింది కాబట్టి చూడామణి గ్రహణమన్నారు. మనకు మాత్రం రెండుసార్లూ కొరికిన సూర్యుడే.

ఒక మూలకం గుంటూరులో మొదటిసారి కనబడింది

1868 ఆగస్టు 18, మంగళవారం. చంద్రుడి నీడ కృష్ణా డెల్టా మీదుగా సాగింది. దాన్ని చూడటానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చి, అక్కడి ఒక ఫ్రెంచి వ్యాపారి ఇంట మకాం పెట్టాడు. అదే ఊళ్లో బ్రిటిష్ బృందం ఇంకొకటి. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో. అదే వేధశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తిలో. అంతకు ముందు ఏడే ఆయన వెలుగు హెచ్చుతగ్గులయ్యే ఒక చంచల నక్షత్రాన్ని కనిపెట్టి ఉన్నాడు.

వీళ్ల చేతుల్లో ఉన్న కొత్త సాధనం వర్ణపటదర్శిని. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును అది గీతలుగా విడదీస్తుంది. ఆ గీతల్లో ఒక పసుపు గీత సోడియం గీతకు దగ్గరగా ఉంది, అదే మాత్రం కాదు. జాన్సెన్‌కు ఇంకో సంగతి తట్టింది: ఈ గీతలు ఇంత ప్రకాశంగా ఉన్నాయంటే వీటిని చూడటానికి గ్రహణమే అక్కర్లేదు. మర్నాడు పొద్దున గుంటూరులోనే పట్టపగలు మళ్లీ చూశాడు. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ తనంతట తాను అదే పద్ధతి కనిపెట్టాడు. ఇద్దరి లేఖలూ ఒకే రోజు పారిస్ అకాడమీకి చేరాయి. ఆ పసుపు గీత తాలూకు పదార్థానికి గ్రీకుల సూర్యుడి పేరు మీద హీలియం అని పేరొచ్చింది. 1895లో విలియం రామ్సే యురేనియం ఖనిజంలోంచి తీసేదాకా అది భూమి మీద ఎవరికీ దొరకలేదు.

నీడ అక్కడితో ఆగలేదు. బంగాళాఖాతం దాటి సయాం చేరింది. గ్రహణ సమయాన్ని తానే లెక్కగట్టిన ఆ దేశపు రాజు మోంగ్‌కుట్ ఆస్థానంతో సహా అడవిలో మకాం వేసి చూశాడు. లెక్క తప్పలేదు. అక్కడ సోకిన మలేరియాతో అక్టోబరు 1న చనిపోయాడు. కళ్లకే కాదు, దోమలకూ ఏర్పాట్లు చేసుకోవాల్సిందన్నమాట.

1980లో సంపూర్ణ గ్రహణం తెలుగు నేల మీదుగానే పోయింది, చాలామంది తలుపులు మూసుకున్నారు

ఫిబ్రవరి 16, శనివారం మధ్యాహ్నం. నీడ కర్ణాటక నుంచి మహబూబ్‌నగర్, నల్లగొండ, ఖమ్మం జిల్లాల మీదుగా ఒడిశాకు సాగింది. హైదరాబాద్‌కు యాభై చిల్లర కిలోమీటర్ల దూరంలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి 1968లో ఏర్పడిన జపాల–రంగాపూర్ వేధశాల ఉంది. 48 అంగుళాల దుర్భిణీ ఉన్న చోటు. నీడ సరిగ్గా దాని మీదుగా పోవడంతో దేశ విదేశాల శాస్త్రజ్ఞులు అక్కడికి చేరారు. ఊళ్లలో మాత్రం కర్ఫ్యూ పెట్టినట్టు రోడ్లు ఖాళీ. జనాన్ని ఇళ్లలో కూర్చోబెట్టడానికి దూరదర్శన్ ఆ మధ్యాహ్నం సినిమా వేసింది. కళ్లు కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఏ ఊరికైనా సంపూర్ణ గ్రహణం సగటున 375 ఏళ్లకు ఒకసారి వస్తుంది. ఆ రెండు నిమిషాలు ఎలా చూడాలో నేర్పకుండా సినిమా చూపించడం నాకు ఈనాటికీ కొరుకుడు పడదు.

రోకలి ఏ రోజైనా నిలబడుతుంది

గ్రహణం రాగానే టీవీల్లో ఇత్తడి పళ్లెంలో నీళ్లు, అందులో నిటారుగా రోకలి. గ్రహణం పట్టినప్పుడే అది అలా నిలబడుతుందట. అడుగు చదునుగా ఉన్న బరువైన రోకలి, ఓపిగ్గా సరిచేస్తే, ఏకాదశి నాడూ నిలబడుతుంది, దసరా నాడూ నిలబడుతుంది. నమ్మకపోతే రేపే పెట్టి చూడండి.

తిరుమల మూస్తారు, శ్రీకాళహస్తి తెరుస్తారు

గ్రహణం రోజు తిరుమల శ్రీవారి ఆలయం తలుపులు గ్రహణానికి కొన్ని గంటల ముందే మూసి, విడిచాక శుద్ధి చేసి తెరుస్తారు. ఆ పక్కనే ఉన్న శ్రీకాళహస్తి రాహుకేతు క్షేత్రం కాబట్టి గ్రహణ వేళలో తెరిచే ఉంటుంది, అభిషేకాలూ జరుగుతాయి. ఆచారం ఆచారమే, ఎవరిది వాళ్లకు. తిండి విషయంలో మాత్రం ఒక మాట: షుగరు మందులు వేసుకునేవాళ్లు, గర్భిణులు గంటల తరబడి పస్తులుండొద్దు. గ్రహణం వల్ల అన్నం పాడవదు. జన విజ్ఞాన వేదిక అనే సైన్సు ప్రచార సంస్థ కార్యకర్తలు ఏళ్ల తరబడి గ్రహణం వేళ నడిబజారులో టిఫిన్లు తిని మరీ చూపిస్తున్నారు.

గ్రహణాలకు వంశావళి ఉంది

ఒక గ్రహణం జరిగిన 18 ఏళ్ల 11 రోజుల 8 గంటలకు దాని పోలికే ఉన్న ఇంకో గ్రహణం వస్తుంది. ఆ 8 గంటల్లో భూమి మూడో వంతు తిరిగిపోతుంది కాబట్టి నీడ ఇంకో దేశం మీద పడుతుంది. గుంటూరు గ్రహణం వంశంలోదే 1922లో ఆస్ట్రేలియాలోని వాలాల్ తీరాన ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని పరీక్షించిన గ్రహణం. 1980లో మన మీదుగా పోయిన గ్రహణానికి 1998, 2016 తర్వాతి వారసుడు 2034 మార్చి 20న వస్తుంది. దాని దారి లద్దాఖ్ మీదుగా.

మన ముందున్నవి

2027 ఆగస్టు 2, సోమవారం. సంపూర్ణ గ్రహణం ఈజిప్టులోని లక్సర్ దగ్గర 6 నిమిషాలకు పైగా ఉంటుంది. మన దేశపు పశ్చిమ ప్రాంతాలకు సాయంత్రం పూట పాక్షికంగా కనబడుతుంది. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లలో జెడ్డా, మక్కా వైపు ఉన్నవారు సంపూర్ణ గ్రహణం దారిలోనే ఉంటారు. 2024 ఏప్రిల్ 8న డాలస్ చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాలకు పెరట్లోంచే దాదాపు నాలుగు నిమిషాల సంపూర్ణ గ్రహణం దొరికినట్టు, ఈసారి వీరి వంతు.

2031 మే 21, బుధవారం, నడి మధ్యాహ్నం. వలయాకార గ్రహణం కేరళ, తమిళనాడుల మీదుగా పోతుంది. మదురై దారిలోనే ఉంది. తెలుగు రాష్ట్రాలకు పాక్షికమే గాని పెద్ద ముక్కే కొరుకుతుంది. మే నెల ఎండ కాబట్టి నీడ, మంచినీళ్లు కూడా జాబితాలో రాసుకోండి. రోహిణి కార్తె ఇంకా రాకున్నా ఎండ ఊరుకోదు.

మీ ఊరి బడికి ఇప్పుడే ఒక ఉత్తరం రాయండి: ఆ రోజుకు పిల్లలకు సరిపడా కళ్లజోళ్లు ముందే తెప్పించమని, అవి తక్కువైతే పెరట్లో చెట్టు నీడా, వంటింటి జల్లెడా సిద్ధంగా ఉంచమని. కొన్న కళ్లజోడును మాత్రం ఆ పొద్దున బల్బుకు అడ్డంపెట్టి ఇంకోసారి చూసుకోవడం మరవకండి.